పదిహేడో పేజీలో సున్న

శివరామకృష్ణ మాస్టారి ఇంటికి ఆయన తప్పు చెప్పడానికే వెళ్లాను. సామర్లకోటలో రైలు దిగిన దగ్గర్నుంచీ ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఈరోజు చెన్నైలో స్ట్రింగ్ థియరీ అనే భౌతికశాస్త్ర సిద్ధాంతం మీద పరిశోధన చేస్తున్నానంటే, డిగ్రీలో ఆయన పెట్టిన భిక్షే. పైగా నాకు మొహమాటం ఎక్కువ, ఆయనకు ఆశ ఎక్కువ.

రిటైరయ్యాక తొమ్మిదేళ్లు కూర్చుని అరవై నాలుగు పేజీల వ్యాసం రాశారాయన. పరిశోధకులు వ్యాసాలు ఉంచే వెబ్‌సైట్‌లో అది పెట్టాలంటే, యూనివర్సిటీ అండ లేని కొత్తవాళ్లకు ఆ రంగంలో ఉన్నవాళ్లెవరైనా పూచీ పడాలి. ఆ పూచీ నేను పడాలని మాస్టారి కోరిక.

స్ట్రింగ్ థియరీ ప్రకారం మన కంటికి కనపడని పరిమాణాలు, అంటే డైమెన్షన్లు, కొన్ని చిన్నగా చుట్టుకుపోయి ఉంటాయి. వాటిలో బ్రేన్లనే పొరలుంటాయి. పక్కపక్కనున్న రెండు పొరల్ని గురుత్వం దగ్గరికి లాగుతుంది, వాటి మీదున్న ఆవేశం, అంటే ఛార్జి, దూరంగా తోస్తుంది. సూపర్‌సిమెట్రీ అనే సౌష్ఠవం ఉంటే ఆ లాగుడూ తోపుడూ చెల్లుకు చెల్లు. కానీ ప్రయోగాల్లో దాని జాడ ఇంతవరకూ దొరకలేదు. అది లేకుండానే పొరలు కదలకుండా నిలిచే అమరిక కనిపెట్టానని మాస్టారి నమ్మకం.

పదిహేడో పేజీలో సూపర్‌సిమెట్రీని తీసేశారు. అది ఉంటేనే వచ్చే సున్నను మాత్రం అలాగే ఉంచేశారు. అంతకుముందు వేసిన లెక్కలన్నిటిలో ఆ చోట సున్నే వచ్చేది మరి, చెయ్యి అలవాటుగా చుట్టేసింది. ఆ సున్న తీస్తే పొరలు ఒకదానివైపు ఒకటి జారి, ఢీకొని, అమరికంతా కూలిపోతుంది. మిగతా నలభై ఏడు పేజీలూ గోవిందా.

మాస్టారి భార్య లోవలక్ష్మి గారు కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లారు. ఇక వాయిదా వేయడానికేమీ మిగల్లేదు.

"నేను పూచీ పడలేనండి మాస్టారూ," అన్నాను. ఆ పేజీ తీసి సున్న మీద వేలు పెట్టాను. "సూపర్‌సిమెట్రీ లేనప్పుడు ఇది సున్న కాదు కదండీ."

ఆయన ఆ పేజీ దగ్గరికి లాక్కున్నారు. పెన్సిల్ తీసి అంచున లెక్క వేశారు. మళ్లీ వేశారు. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

"నిజమేనమ్మా, కాదు," అన్నారు చివరికి. "ఇక్కడితో ఆపేసుంటావులే. తర్వాతదంతా దండగేగా."

"లేదండి, చివరిదాకా చదివాను. నలభై రెండో పేజీలో మీరు ఆ ఇంటిగ్రల్‌ని విడగొట్టిన పద్ధతి నేనెక్కడా చూడలేదండి. అదొక్కటీ అర్థం కావడానికే వారం పట్టింది."

"వారమా?" మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కళ్లు కూడా తుడుచుకున్నారు. "లోవా, ఈ పిల్ల మొత్తం చదివిందంట."

"ఏమని తేలిందంటండి?" అని వంటింట్లోంచి అడిగారావిడ.

"తప్పని తేలింది."

ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆయన మొహం చూశారు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆయన మాత్రం నవ్వుతున్నారు.

"నీకంటే ముందు పదకొండుమందికి పంపారమ్మా," అన్నారావిడ నాతో. "తప్పని చెప్పినవాళ్లు కూడా లేరు."