పగులు మీది బొట్టు

మా ఊరి బడి గోడ బీటలు వారినప్పుడు అయ్యవారు ఆ బీటకు అడ్డంగా కాగితం ముక్క అంటించేవారు. కాగితం చిరిగిందంటే గోడ కదులుతున్నట్టు. ఆ రోజు మమ్మల్ని బయట ఎండలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు.

ఒమన్‌లోని బహ్లా ఊళ్ళో మేం పడుకునే గది గోడ కూడా 1996 చలికాలం వానలకు పగిలింది. నా దగ్గర జిగురు లేదు. బొట్టుబిళ్ళకైతే జిగురు దానికే ఉంటుంది. అందుకని పగులు మీద బొట్లు అంటించాను. మరో వాన పడేసరికి రెండు బొట్లు ఒక పక్క ఊడి వేలాడాయి.

నన్ను ఒమన్‌కు తీసుకుపోయింది మా పిన్నమ్మ శ్రీలక్ష్మి. అప్పటికి నాకు పదహారేళ్ళు. పాస్‌పోర్టులో ఇరవై ఆరు. ఇద్దరికీ ఒకే ఇంట్లో పని. యజమానిని బాబా అనీ, ఆయన భార్య జమీలాను మామా అనీ పిలవాలి. పిన్నమ్మ వంట చేసేది. నేను ఇల్లు ఊడ్చి, మేకల్ని చూసేదాన్ని. అది బాబా తాతల నాటి మట్టి ఇల్లు. ముందు గదులకు సిమెంటు పూశారు. వెనక గదిని అలాగే వదిలేశారు. అందులో ఖర్జూరం బస్తాలు ఉండేవి. వాన పడితే మేకల్నీ అందులోనే కట్టేవారు. మేం మాత్రం రోజూ అందులోనే.

బాబా కొత్త దుకాణం కట్టడానికి బ్యాంకులో అప్పు అడిగాడు. ఇల్లు తాకట్టు పెట్టాలనీ, ఇంత పాత ఇంటికి ఇన్సూరెన్సు లేకపోతే కుదరదనీ వాళ్ళన్నారట. ఇన్సూరెన్సు కావాలంటే కంపెనీ మనిషి వచ్చి ప్రతి గదీ చూడాలి. ఏది నిలబడుతుందో ఏది కూలుతుందో రాయాలి. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆశ. ఆ మనిషి పగులు చూస్తాడు. ఈ గదిలో మనుషులు పడుకోకూడదని రాస్తాడు. అప్పుడు మమ్మల్ని వంటింటి వసారాలో పడుకోనిస్తారు.

ఆ మనిషి వచ్చే రోజు పొద్దున్నే పిన్నమ్మ మా పరుపులు చుట్టేసింది.

"ఇయ్యి తీస్కపోయి మేకల గడ్డి కింద దాచిపెట్టమంటాంది మామా. ఆయప్ప అడిగితే ఇది సామాన్ల గది. ఎవురూ పండుకోరు. తెలిసిందా?"

"గోడ పడితే, పిన్నమ్మా?"

"పడినప్పుడు సూచ్చాంలే. ఆయప్ప ఏమన్నా రాసినాడంటే బాబాకు అప్పు పుట్టదు. ఆ కోపం ఎవురి మీద పడ్తాది? నీ నోట్లోంచి ఎప్పుడూ మాట రాదు గదా, ఈ పొద్దు కూడా రానీకు." గోడ కేసి చూసి మూతి తిప్పింది. "గోడంతా బొట్లేందే, ఇదేమన్నా పెండ్లికూతురా?"

బొట్లన్నీ గీకి పారేసింది. ఇద్దరం పగులుకు అడ్డంగా బస్తాలు పేర్చాం. ఆమె వంటింట్లోకి పోగానే నేను బస్తా ఎక్కాను. పైన దూలం దగ్గర పగులు కొంచెం కనిపిస్తోంది. నా నుదుటి మీది బొట్టు తీసి అక్కడ అంటించాను.

ఆ మనిషి చేతిలో టార్చిలైటు, చిన్న సుత్తి ఉన్నాయి. సుత్తితో గోడల్ని తడుతూ, చెవి పెట్టి వింటూ ఒక్కొక్క గదీ దాటుతున్నాడు. బాబా, మామా వెనకే నడుస్తున్నారు. కాఫీ పళ్ళెం పట్టుకున్న పిన్నమ్మ నాతో "పక్కకు నిలబడే, గమ్మున" అనగానే అతను గిరుక్కున తిరిగాడు.

"మీది కడప పక్కనా? మాది మైదుకూరు! వీరబ్రహ్మం నా పేరు. ఎన్నాళ్ళయిందక్కా ఈ మాట విని!"

నాకు గుండె నిండిపోయింది. మన మాట మాట్లాడే మనిషి.

వెనక గదిలోకి వచ్చి టార్చి పైకెత్తాడు. వెలుగు బొట్టు మీద ఆగింది. అతను తిరిగి నా నుదురు చూశాడు.

"అది నీదేనా, పాపా? ఆడెందుకు పెట్టినావు?"

పిన్నమ్మ నా వీపు మీద గిల్లింది. బడిలో అయ్యవారు పేరు అడిగినా నేల చూసేదాన్ని. ఆ రోజు మాత్రం తలెత్తి చెప్పాను.

"గోడ కదులుతాందేమో తెలుచ్చాదని సార్. రెండు బొట్లు ఊడినాయి. మేం ఈడనే పండుకుంటాం. ఆ గోడ పక్కన నేను."

"మంచి తెలివే," అన్నాడు. బస్తా ఎక్కి పగుల్లో వేలు పెట్టాడు. వేలు లోపలికి పోయింది. మన్ను జలజలా రాలింది. వేలు రుమాలుతో తుడుచుకున్నాడు.

ఆ పిల్ల ఏమంటోందని మామా అరబ్బీలో అడిగింది. ఆ మాత్రం అరబ్బీ నాకూ తెలుసు.

అతను నన్ను చూసి నవ్వాడు. "ఘనమ్," అన్నాడు. మేకలు. ఈ గదిలో మేకలు పడుకుంటాయని చెబుతోందట.

మామా నవ్వింది. బాబా నవ్వాడు. పిన్నమ్మ కూడా నవ్వింది.

పోతూ పోతూ అతను నా పక్కన ఆగాడు. గొంతు తగ్గించాడు. "మీరీడ పండుకుంటారని రాస్తే వీళ్ళకు పాలసీ రాదు పాపా. మీ ఇద్దర్నీ ఇంటికి తోలేచ్చారు. నీ మంచికే చెప్తాండా. నీ వయసెంతని కూడా నేను అడగలేదు, సూడు." తర్వాత పిన్నమ్మకేసి తిరిగాడు. "కాఫీ బాగుందక్కా."

వారం తర్వాత కంపెనీ కాగితం వచ్చింది. బాబా మామాకు చదివి వినిపించాడు. వెనక గది ఎప్పుడైనా కూలవచ్చు. దానికి తప్ప మిగతా ఇంటికి ఇన్సూరెన్సు ఇస్తారు. సరుకు పెట్టకూడదు, పశువుల్ని కట్టకూడదు. గది ఖాళీగా, తాళం వేసి ఉండాలి. వాళ్ళ మనుషులు ఎప్పుడైనా వచ్చి చూస్తారు.

మామా ఆ రోజే పని పెట్టింది. ఖర్జూరం బస్తాల్ని అతిథుల గదిలోకి మోశాను. మేకల్ని కారు షెడ్డులో కట్టాను. బస్తాలు తీసేసరికి దూలం నుంచి నేల దాకా పగులు మొత్తం బయటపడింది. ఇక మా వంతు అనుకున్నాను. పరుపు చుట్టుకుని వంటింటి వసారా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మామా నన్ను చూసింది, పరుపును చూసింది. ఎక్కడికని చేత్తోనే అడిగింది. వసారా చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపి వెనక గది చూపించింది. బస్తాలు లేవు, మేకలు లేవు, ఇప్పుడు ఎంత చోటుందో చూడమంది.

సాయంత్రం గిన్నెలు కడిగి మేం లోపలికి పోగానే తలుపు మూసుకుంది. బయట కొత్త తాళం పడిన చప్పుడు వినిపించింది.

పిన్నమ్మ తన పరుపు తలుపు దగ్గరికి లాక్కుంది.

"పిన్నమ్మా, నేను కూడా ఆడనే పండుకుంటా."

"గోడ పక్కన నేను అని సార్‌కు చెప్పుకున్నావు గదా," అంది అటు తిరిగి పడుకుంటూ. "పో. పోయి పండుకో."

బయట షెడ్డులో మేకలు అరిచాయి. మామా వాటికి గడ్డి వేయడం వినిపించింది. వెనక్కి వచ్చి, తాళం లాగి చూసుకుని లోపలికి పోయింది.