రెండో గీత

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ తక్కెడ అనేవాళ్లు. పేరు బాగాలేదు గానీ, పెట్టినవాళ్ల తప్పు మాత్రం లేదు. ఏ ఐస్‌క్రీమ్ కావాలంటే వెనీలా అనేది. "వెనీలాయేనా?" అని మళ్లీ అడిగితే చాలు, చాక్లెట్ అనేది.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, అమ్మ చలవ. అమ్మ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు. అక్కడ మందు పేరూ మోతాదూ రెండుసార్లు చెప్పించుకుని రూఢి చేసుకోనిదే సూది ఎక్కించరు. ఆవిడ ఆ అలవాటును డ్యూటీ దిగాక అక్కడే వదలకుండా ఇంటికి మోసుకొచ్చింది. కూతురు ఏం చెప్పినా "మళ్లీ చెప్పు" అంటుంది. ఆసుపత్రిలో ఆ మాట ప్రాణాలు నిలబెడుతుంది. ఇంట్లో మాత్రం అది పిల్ల చెవికి "నువ్వు చెప్పింది తప్పు" అన్నట్టే వినిపించేది. రెండోసారికి జవాబు మారిపోయేది, అదీ అమ్మ ముఖం ఎటు మొగ్గితే అటు.

పదో తరగతిలో ఈ వ్యవహారం కెరీర్ గైడెన్స్ చూసే టీచరు నెత్తిన పడింది. మాట్లాడితే చాలు "నీ దారేంటమ్మా?" అంటుంది కాబట్టి పిల్లలు ఆవిణ్ణి దారి మేడం అంటారు. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. పదో తరగతి పిల్లలు ఒక వారం ఎక్కడో ఒక చోట పని చూసి రావాలి. ఆ తర్వాత శనివారం అమ్మానాన్నల ముందు నిలబడి, బడి అయ్యాక ఏం చేస్తారో నోరు విప్పి చెప్పాలి. కన్నవాళ్లు పని చేసే చోటికి మాత్రం పంపదు. ఈ విషయంలో ఎవరు బతిమాలినా పట్టు సడలించదు.

కూతురు నర్సవ్వాలని అమ్మ ఏనాడో తేల్చేసింది. తక్కెడ కూడా తల ఊపేసింది. కానీ అమ్మ ఆసుపత్రికి పంపరని తెలిశాక ఏం చెప్పాలో తోచక, "ఎక్కడైనా సరే మేడం" అంది. ఆ మాట వింటే మేడంకి ఒళ్లు మండుతుంది. పిల్లలెవరూ కోరుకోని చోటు ఒకటి మిగిలి ఉంటే అక్కడికే పంపింది. అది అద్దాలు కోసే దుకాణం.

దాన్ని నడిపేది ఒక నడివయసు మనిషి. వీధంతా ఆవిణ్ణి అద్దాలక్క అంటుంది. దుకాణంలో గోడ పొడవునా అద్దాల పలకలు నిలబెట్టి ఉంటాయి, మధ్యలో దుప్పటి పరిచిన పెద్ద బల్ల. అక్క ఒక పలకను బల్ల మీద పడుకోబెట్టి, స్కేలు ఆనించి, మొనలో బుల్లి చక్రం ఉన్న కట్టర్‌తో ఈ చివర నుంచి ఆ చివరకు జర్రున ఒక గీత గీసేది. గీతను బల్ల అంచుకు జరిపి నొక్కితే పలక టక్కున రెండయ్యేది. తక్కెడ ఆ చప్పుడు విని అక్కడే మనసు పారేసుకుంది. ఇంతకాలం దేన్నీ గట్టిగా కావాలనుకోని పిల్ల, ఆ కట్టర్ ఎప్పుడు చేతికిస్తారా అని కాచుకుని కూర్చుంది.

మొదట పనికిరాని ముక్కల మీద గీయించింది అక్క. చెయ్యి కుదిరాక, ఒకరి కిటికీకి కావలసిన పలక ఇచ్చింది. తక్కెడ కొలిచింది, స్కేలు ఆనించింది, గీసింది. గీత చక్కగానే పడింది. కానీ లోపల పాత గొంతు "మళ్లీ చెప్పు" అంది. పిల్ల కట్టర్‌ను వెనక్కి తెచ్చి, అదే గీత మీద ఇంకోసారి నడిపింది. అంచుకు జరిపి నొక్కగానే పగులు గీతను వదిలేసి అడ్డదిడ్డంగా పరిగెత్తింది. ఒక ముక్క జారి, అక్క ఇచ్చిన చేతి తొడుగులు తొందరలో పక్కన పెట్టేసిన పిల్ల వేలు గీరింది.

అక్క తిట్టలేదు. ముందు వేలు కడిగి ప్లాస్టర్ వేసింది, తర్వాత విరిగిన ముక్కను వెలుగుకు పట్టి చూపించింది.

"మొదటి గీత బాగానే పడింది, పిల్లా. దాని మీద నీకే నమ్మకం లేకపోయింది. గీసేముందు ఎన్నిసార్లు కొలుచుకుంటావో నీ ఇష్టం. గీశాక మాత్రం వెనక్కి రాకు. రెండో గీత పడిందా, అద్దం ఎవరి మాటా వినదు."

ఆ సాయంత్రం అమ్మ కంట మొదట పడింది వేలి మీది ప్లాస్టరే. ఇక చూడాలి ఇంట్లో. అద్దం కోసుకుని వచ్చిన చేతులు తను ఎన్ని కుట్టిందో, నరం తెగిన ఒక కుర్రాడు ఈనాటికీ చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడని, గాజును నమ్మినవాళ్లు ఏదో ఒక రోజు తన బల్ల మీదికి రావాల్సిందేనని ఏకరువు పెట్టింది. అది కోపం కాదు, భయం. కన్నకూతురి చేతిని తనే కుట్టాల్సి వస్తుందేమోనన్న భయం. తక్కెడకు అది అర్థం కాకపోలేదు. కానీ గాజు పని నేర్చుకోవాలనుందని మెల్లగా అనేసింది.

"మళ్లీ చెప్పు" అంది అమ్మ.

తక్కెడ మళ్లీ అటే మొగ్గింది. శనివారం అందరి ముందు నర్సింగ్ అనే చెప్పాలని అమ్మ అంటే, "సరే" అనేసింది. అని, తన మీద తనకే అసహ్యమేసి, అన్నం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు దుకాణానికి వెళ్తూనే, ఎప్పుడైనా చెయ్యి తెగిందా అని అక్కను నిలదీసింది. అక్క దాచలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద తెల్లటి మచ్చ చూపించింది. తొడుగులు వేసుకోకుండా పోజు కొట్టిన రోజుల నాటిదట. ఆ తర్వాత తొడుగులు లేకుండా పలక ముట్టలేదట. తక్కెడ ఆ మచ్చను కాసేపు చూసింది. భయమేసింది. భయమేసినా తొడుగులు వేసుకుని బల్ల దగ్గరికే వెళ్లింది. పొద్దంతా పాత ముక్కలు కోస్తూనే ఉంది, రెండో గీత మాత్రం గీయలేదు. చెయ్యి వెనక్కి లాగినప్పుడల్లా పళ్లు బిగబట్టి ఆపుకుంది. వారం ముగిసేసరికి నొక్కిన ప్రతి పలకా గీసిన చోటే విడింది. ఇక తన పని ఇదే అనుకుంది.

శనివారం బడి హాలు కిటకిటలాడింది. వరసగా డాక్టర్లూ ఇంజినీర్లూ తయారై చప్పట్లు కొట్టించుకుంటున్నారు. అమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, యూనిఫాంలోనే ముందు వరసలో కూర్చుంది. పేరు పిలిచారు. తక్కెడ నిలబడింది.

"నేను గాజు పని నేర్చుకుంటాను. దానికి ఒకేషనల్ కాలేజీలో కోర్సు ఉందట, మేడం కనుక్కున్నారు. సాయంత్రాలు అద్దాలక్క దగ్గర పనికి వెళ్తాను, చేతులకు తొడుగులు వేసుకునే."

అమ్మ కుర్చీలోంచి లేచింది.

"మళ్లీ చెప్పు."

వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. తక్కెడ ఇప్పుడు ఎటు మొగ్గుతుందో వాళ్లకు తెలుసు. దారి మేడం ఏదో అనబోయి, పిల్ల ముఖం చూసి ఊరుకుంది. తక్కెడ చేతులు వెనక్కి కట్టుకుంది.

"చెప్పాను కదమ్మా. నువ్వు విన్నావు కూడా. కొలుచుకోవడం నువ్వు నేర్పినట్టే రెండుసార్లు కొలుచుకుంటాను. ఇది గీసేసిన గీత. దీని మీద ఇంకోటి గీయను."

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. కూతురి చెయ్యి ముందుకు లాక్కుని, ప్లాస్టర్ పక్కకు తీసి, గాయాన్ని నర్సు కళ్లతో చూసింది. మానుతోంది. ప్లాస్టర్ మళ్లీ జాగ్రత్తగా అతికించింది.

"ఆ తొడుగులు మణికట్టు దాకానేనా, మోచేతి దాకా వస్తాయా?" అని అడిగింది.

"మోచేతి దాకా."

అమ్మ తలూపింది. మళ్లీ చెప్పమనలేదు.