లొట్టిలో దూరిన గోరింక పిల్ల

తాటిచెట్టు కొసన, కమ్మల సందున ఒక గోరింక గూడు. అన్నలిద్దరూ ఎగిరిపోయారు. చిన్నపిల్ల ఒక్కటే మిగిలింది. కిందికి చూస్తే దానికి కళ్లు తిరుగుతాయి. మిరుదొడ్డి దారిన పోయే ఎడ్లబండి చీమంత కనబడుతుంది.

పక్క చెట్టు మీద తల్లి ఒక మిడతను కాలికింద తొక్కిపట్టి పిలుస్తోంది.

"రా బిడ్డా! గీడికి ఎంత దూరమని?"

"రానవ్వా. పడిపోత."

అంతలో చెట్టు మొదట్లో గర్ర్... గర్ర్... చెట్టుకు రాసుకునే మోకుతాడు చప్పుడు! కల్లు గీసే రాజమల్లయ్య ఎక్కుతున్నాడు. రోజూ ఆ చప్పుడు వినగానే పిల్ల అన్నల మధ్య నక్కేది. ఇవాళ ఎవరి మధ్య నక్కాలి?

గర్ర్... గర్ర్... దగ్గరికొచ్చింది. కత్తి తళుక్కుమంది. పిల్ల గూట్లోంచి బయటికి ఉరికింది. ఎదురుగా కల్లు పట్టే మట్టికుండ, లొట్టి, వేలాడుతోంది. దాని మూతి నల్లగా, గుండ్రంగా, అచ్చం గూడులాగే ఉంది. గభాలున అందులో దూరింది.

లోపల గడ్డి లేదు. కాళ్లకు చల్లగా కల్లు తగిలింది. ఎక్కబోతే జారింది. "అవ్వా!" అని అరిస్తే లొట్టి కూడా "వ్వా!" అంది. పిల్లకు ఇంకా భయమేసింది.

"ఏందిది, లొట్టి మొత్తుకుంటుంది?" రాజమల్లయ్య లోపలికి చూసి నవ్వాడు. "దుర్గవ్వా! నాకంటె ముందే ఒకడు కల్లుకు వచ్చిండే!"

"కిందికి తే బాపూ! నేను సాదుకుంట!" కింద నుంచి అతని కూతురు దుర్గవ్వ ఎగిరి గంతేసింది. ఆమె పక్కనే పిల్లి తోక ఆడిస్తోంది.

రాజమల్లయ్య పిల్లను బయటికి తీసి గూట్లో పెట్టబోయాడు. అది అతని భుజం మీది తువ్వాలును గోళ్లతో గట్టిగా పట్టుకుంది.

"వదలవా? సరే, నాతోనే రా."

దిగడం మొదలుపెట్టాడు. గర్ర్... పక్క చెట్టు మీది తల్లి కాస్త పైకి పోయినట్టయింది. గర్ర్... ఇంకా పైకి పోయింది. పిల్లి పెద్దదయింది. దాని పచ్చకళ్లు కూడా కనబడుతున్నాయి.

'ఇంకా దిగితే అవ్వ మళ్లీ దొరకదు!'

పిల్ల తువ్వాలు వదిలేసింది. పడింది. పడుతూ పడుతూ రెక్కలు టపటపా కొట్టింది. పొట్టకింద గాలి ఆనింది. వంకరటింకరగా పైకి లేచి పోయి, పక్క చెట్టు కమ్మకు తలకిందులుగా వేలాడింది.

"పాయె బాపూ!" దుర్గవ్వ మూతి ముడిచింది.

"పోనీ బిడ్డా. దానవ్వ గాడనే ఉంది."

తల్లి వచ్చి పిల్ల నోట్లో మిడతను కుక్కింది. మింగిందో లేదో, ఈ చెట్టు మొదట్లో కూడా గర్ర్... గర్ర్...!

తల్లి "రా" అనకముందే పిల్ల ఎగిరింది.