తెగులుకు లొంగని వేప

నానక్‌రామ్‌గూడలోని ఆ కంపెనీ ఆవరణలో వేపచెట్లన్నీ వరసపెట్టి ఎండిపోయాయి. ఎండవా మరి? అందం కోసమని మూడేళ్ల కిందట ఎక్కడినుంచో ఎదిగిన చెట్లను లారీల మీద తెప్పించారు. వాటితోపాటు కొమ్మల చివర్లు మాడ్చే తెగులూ దిగింది. గేటు పక్కన, ఈ అద్దాల మేడలకంటే ముందునుంచీ ఉన్న పాత వేప ఒక్కటే పచ్చగా నిలబడింది.

రేఖకు కావలసింది అదే. అటవీ పరిశోధన సంస్థలో ఆమె పని, పుట్టుకతోనే ఈ తెగులును తట్టుకోగల చెట్లను వెతకడం. ఆ వేప రెమ్మలు పట్టుకెళ్లి ల్యాబులో తెగులు అంటించి చూసింది. అంటలేదు. దాని గింజల్లో కొన్నింటికైనా తల్లి గుణం వస్తే, చెట్లు ఎండిపోయిన ఊళ్లలో మళ్లీ వేపలు నాటొచ్చు. ఇంతవరకూ ఆమెకు దొరికిన అలాంటి చెట్టు అదొక్కటే. పండ్లు రాలేదాకా దాన్ని ముట్టుకోవద్దని, ఆవరణ బాధ్యతలు చూసే యశ్వంత్‌ను బతిమాలి, మిగతా జిల్లాల్లో వెతకడానికి వెళ్లింది.

యశ్వంత్ పొంగిపోయాడు. కొంప మునిగింది అక్కడే. దేన్నైనా ముట్టుకోకుండా ఊరుకోవడం ఆ మేడల్లో ఎవరికీ చేతకాదు. పర్యావరణ దినోత్సవం దగ్గర పడుతోంది, పెద్దవాళ్లు వస్తున్నారు, ఇంత గొప్ప చెట్టును ఉత్తినే వదిలేస్తే పరువేం కాను? చుట్టూ తవ్వించాడు. అడ్డొచ్చిన వేళ్లు నరికించి గ్రానైటు అరుగు కట్టించాడు. మొదలు దాకా సిమెంటు పోయించి, మానుకు మేకులు దిగ్గొట్టించి రంగుదీపాలు చుట్టించాడు. పైన 'అజేయ వృక్షం' అని బోర్డు. రిబ్బను కోశారు, చప్పట్లు కొట్టారు, సెల్ఫీలు దిగారు. చెట్టుకు శాలువా కప్పడం ఒక్కటే తక్కువ.

పండ్ల కోసం సంచులు పట్టుకొని రేఖ వచ్చేసరికి ఆకులు వేలాడుతున్నాయి. కాయలన్నీ పచ్చివే రాలి గ్రానైటు మీద వాడిపోయి ఉన్నాయి. ఒకటి నలిపి చూసింది. గింజ ఇంకా ముదరలేదు. అదింక మొలవదు. ఆమెకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఆ బోర్డు పీకి ఎవరి నెత్తినైనా కొట్టాలనిపించింది.

యశ్వంత్ పరుగున వచ్చాడు. చెట్టు మోసం చేసిందన్నట్టుంది అతని ముఖం. ఇంత ఖర్చుపెట్టి, ఇంత శ్రద్ధగా చూసుకున్నా ఇలా అయిందేమిటని వాపోయాడు.

"దీనికి రెసిస్టెన్స్ ఉందని మీరే కదా మేడమ్ చెప్పింది? పోనీ, ఇట్లాంటిది ఇంకొకటి ఎక్కడుందో చెప్పండి. దానికి ఇంకా బాగా చేద్దాం."

రేఖ ఖాళీ సంచులు మడిచి చంకన పెట్టుకుంది.

"తెగులుకు తట్టుకుంటదన్న సార్. మీకు తట్టుకుంటదని నేనన్లే."