అవతలి మూల

కుడి చెయ్యి చాచి, ఎడమ అరచేతిని బళ్ల ముఖాన పెట్టినట్టు నిలువుగా ఎత్తి పట్టుకుందామె. మూడు బళ్లు ఆగాయి. నాలుగోది ఆమె మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆమె నడుముకు వేలాడుతున్న పుస్తకం తీసి, పెన్ను మూత పళ్లతో పీకి, ఆ బండి నంబరు రాసుకుంది. పొద్దున్నుంచి అది పందొమ్మిదోది.

ఆమె పోలీసు కాదు. పోలీసులు చాలక ప్రభుత్వం జీతమిచ్చి కూడళ్లలో నిలబెట్టిన మామూలు మనుషుల్లో ఒకతె. నారింజరంగు కోటు తొడుక్కుని చెయ్యెత్తి ఆపొచ్చు, ఆగనివాడి నంబరు రాయొచ్చు, అంతే. జరిమానా వేసేది పోలీసులే. తొమ్మిదేళ్లుగా ఇదే మూల. ఇంటికెళ్లి ముక్కు చీదితే మసి వస్తుంది. పడుకుంటే కుడి భుజం పీకుతుంది.

అవతలి మూల నుంచి విజిల్ వినిపించింది. చిన్నగా రెండు కూతలు, ఆపైన ఒక పొడుగు కూత. అటు వచ్చే బళ్లన్నీ తాడు కట్టి లాగినట్టు ఆగిపోయాయి. ఆమె ఎప్పటిలాగే అటు చూడకుండా మొహం తిప్పుకుంది.

ఆ మూలన నిలబడేది ఆమె తోడికోడలు. రెండేళ్ల కిందట మరిది పనిచేసే కార్ఖానా మూతపడితే, హెడ్డు కానిస్టేబులు కాళ్లావేళ్లా పడి చిన్నదానికి ఈ పని ఇప్పించింది తనే. చేతులారా తెచ్చి ఎదురుగా నిలబెట్టుకుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆటోవాళ్లు దానికి ‘విజిలక్క’ అని పేరు పెట్టేశారు.

“విజిలక్క ఊదిందంటే నేను తొక్కకుండానే బ్రేకు పడిపోద్ది!” అని ఒకడు అరుస్తాడు. అది కిలకిలా నవ్వుతుంది.

తొమ్మిదేళ్లలో తనకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. కనీసం తిట్టుపేరైనా లేదు. ఇంట్లోనూ అంతే. తను చేసిన కూర తిని అత్తగారు “బావుందే, చిన్నది చేసిందా?” అంటుంది.

మధ్యాహ్నం హెడ్డు వచ్చి, బట్టల కొట్టు పందిరి కింద స్కూటరు ఆపి ఆమెను పిలిచాడు.

“ఈ ఏడు పైనుంచి డబ్బు సగమే మంజూరైందమ్మా. కూడలికి ఒక్కరే ఉంటారు.”

“ఎవరు సార్?”

“పుస్తకాలు చూసి తేలుస్తారంట. ఎక్కువ నంబర్లు రాసినవాళ్లు ఎక్కువ పని చేసినట్టు.” అతని చేతిలో చిన్నదాని పుస్తకం ఉంది. నెలంతా కలిపి రెండు పేజీలు. తనది ఈ నెలలో ఇది మూడో పుస్తకం. “ఆ వైపు నిజంగానే అందరూ ఆగుతున్నారా, లేకపోతే మీ తోడికోడలు రాయట్లేదా? రోజూ చూసేదానివి నువ్వే. నీ మాటే రాసి పంపుతా.”

ఆమెకు తెలుసు. తన మాట ఎవరూ వినరు కాబట్టి తన పుస్తకం నిండింది. దాని మాట అందరూ వింటారు కాబట్టి అది ఖాళీగా ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అవతల వ్యానులోంచి ఎవరో తల బయటపెట్టి, “విజిలక్కా, చల్లగుండు!” అని కేక వేశారు.

“ఏమో సార్,” అందామె. “నా వైపు చూసుకోవడమే నాకు సరిపోతుంది. అటు ఏం జరుగుతుందో నేనెలా చెప్పను?”

హెడ్డు ఒక్కక్షణం ఆమెను చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట ఆమె ఎన్నడూ లేనంత హుషారుగా చేతులు ఊపింది. నాలుగింటికి హెడ్డు స్కూటరు మళ్లీ వచ్చింది. ఈసారి అవతలి మూలకు వెళ్లింది. మాటలు వినపడలేదు. చిన్నది తలూపింది. మెడలోంచి విజిల్ తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. కోటు విప్పి, ఇస్త్రీ బట్టలా నాలుగు మడతలు పెట్టి అందించింది.

తర్వాత రోడ్డు దాటి తనవైపు రాసాగింది. ఆమె చెయ్యెత్తింది. బళ్లన్నీ ఆగాయి. తన చెయ్యి చూసి కాదు, దాటుతున్నది విజిలక్క అని. ఇంత జరిగాక కూడా ఆ సంగతి ఆమెకు గుచ్చుకుంది.

“అక్కా, నిన్ను ఉంచారంట!” చిన్నది రొప్పుతూ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇద్దర్నీ తీసేస్తారేమోనని పొద్దుట్నుంచి భయపడి చచ్చాననుకో.”

“నీకు పొద్దున్నే తెలుసా?”

“హెడ్డుగారు ముందు నన్నే అడిగారుగా, మీ అక్క ఎట్లా చేస్తుందీ అని. మా అక్క చెయ్యెత్తితే నేను కూడా ఆగిపోతా సార్ అన్నా.” నవ్వి, ఆమె కోటు మీది దుమ్ము దులిపింది. “ఉంటే నువ్వే ఉండాలక్కా. ఈ పని నేర్పింది నువ్వు.”

ఆమె నడుముకున్న పుస్తకాన్ని కోటు కిందికి తోసుకుంది.

“అదిగో బస్సు. వంట నేను చూస్తాలే, నువ్వు నిదానంగా రా.” చిన్నది పరుగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కేసింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపేలోగా బస్సు మలుపు తిరిగింది.

ఇకమీదట రెండు మూలలూ తనవే. ఆమె రోడ్డు దాటి అవతలికి వెళ్లింది. ఎండ అక్కడా అంతే ఉంది. చెప్పుల్లోంచి సిమెంటు దిమ్మె వేడి అరికాళ్లకు తగిలింది. దిమ్మె మధ్యలో చిన్నది నిలబడేచోట, గాలికి ఎగిరిపోకుండా రెండు ఇటుకముక్కలు పెట్టి, ఒక అట్టముక్క పరిచి ఉంది. ఆమె దాని మీద కాలు పెట్టలేకపోయింది. పక్కనే వేడి సిమెంటు మీద నిలబడి చెయ్యెత్తింది.

అట్ట మీద రెండు పాదాల గుంటలు. మడమలు ఆనినచోట అరిగి చిల్లులు పడి, కింది సిమెంటు కనిపిస్తోంది.