ముప్పై ఒకటో ప్రశ్న

పైదేశం నుంచి ఏ మొక్క వచ్చినా, అది మన నేలలో కలుపై కూర్చుంటుందా అని ముందే తేల్చడం సవిత ఉద్యోగం. అందుకో ప్రశ్నల కాగితం ఉంటుంది. జవాబుకిన్ని మార్కులు. మొత్తం గీత దాటితే ఆ మొక్కను రానివ్వరు.

మూడేళ్ల కింద ఒక పసుపు పూల మొక్క వచ్చింది. ముక్క నీళ్లలో పడితే వేరు తొడుగుతుందా? తొడుగుతుంది. ముప్పై ఒకటో ప్రశ్న: మనుషులు కావాలని దాన్ని నీళ్లలో వేస్తారా? ఎందుకు వేస్తారు, పనిలేకనా అనుకుని, ఫ్యాను కింద కూర్చుని ‘లేదు’ అని రాసింది. ఒక్క మార్కు తేడాతో మొక్క గట్టెక్కి, నర్సరీలకు చేరింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా బతుకమ్మను నెత్తిన మోసుకెళ్లి నీళ్లలో వదిలిన మనిషే సవిత. కాగితం ఆఫీసులో, పండుగ ఇంట్లో. రెండూ ఆమె బుర్రలో ఒక్కసారైనా ఎదురుపడలేదు.

ఈ వానాకాలం మేనత్త గంగుబాయి రమ్మని ఫోన్ చేసింది. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ చివర, రెండెకరాల చెరకు ఆమెది. సవిత గట్టెక్కి చూస్తే నీళ్లు కనబడలేదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పసుపు పూలే. కూలీలు పీకినకొద్దీ తెగిన ముక్కలన్నీ మళ్లీ మొలిచాయట. పైన నీళ్లు వదిలినా ఇక్కడిదాకా రావడం లేదు. చెరకు మోకాలెత్తులోనే ఎండిపోతోంది. ఆఫీసరువు గదా, ఏదన్నా మందు చెప్పమంది గంగుబాయి. కాలువ నీళ్లు పశువులు తాగుతాయి, మందు కొట్టే దారి లేదంది సవిత. ఆపైన దాచలేకపోయింది.

“అత్తా, గీ మొక్కను రానిచ్చింది నేనే. మనోళ్లు నీళ్లల్ల వెయ్యరని రాసిన.”

గంగుబాయి తిట్టలేదు. తిడితే బాగుండేది.

“తంగేడు దొరుకుతలేదంటె, పోయినేడు గీ పూలు కాడలతోటి సంచి నిండ తెచ్చింది నువ్వే గద బిడ్డా. మనిద్దరమే బతుకమ్మ పేర్చి గీ కాలువలనే ఇడిసినం.”

సవిత గట్టు మీదే కూలబడి ఏడ్చింది.

మర్నాడు ఫైలు తీసి ‘లేదు’ కొట్టేసి ‘అవును’ అని రాసింది. మార్కులు గీత దాటాయి. చెరకును గంగుబాయి కోసి పశువులకు వేసింది. పండుగకు గునుగు పూలతో చిన్న బతుకమ్మను పేర్చింది. సాగనంపడానికి ఆ కాలువలో నీళ్లు లేవు.