తొంభై ఆరు టన్నుల అబద్ధం

నేను ఒక ఇనుప డబ్బాను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక్కటే, జానెడుకు తక్కువ. పైన మూత లేదు, అడుగున ఒక పలక, పక్కన బోల్టులు. ఇంట్లో వాడుకునే వస్తువును కాను కాబట్టి మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. కానీ పెద్ద మేడ ఎక్కడ కడుతున్నా నాలాంటివి అక్కడ కొన్ని ఉంటాయి. పిల్లరుకో స్లాబుకో పోసే కాంక్రీటులోంచి కాస్త ముద్ద తెచ్చి మాలో నింపుతారు. మర్నాడు బోల్టులు విప్పితే రాయిలాంటి క్యూబు బయటికొస్తుంది. అలాంటివి కొన్నిటిని నీళ్ల తొట్టిలో నానబెట్టి, కొన్ని ఏడో రోజున, కొన్ని ఇరవై ఎనిమిదో రోజున మిషనులో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువుకు పగిలిందో చూసి, పైన పోసిన పిల్లరుకు అంత బలం ఉందని కాగితం మీద రాసుకుంటారు. అంత ఎత్తు మేడను నమ్మవచ్చా లేదా అన్నది నా కడుపులో పడిన ముద్ద చెప్పాలి. మనుషుల నమ్మకాలు ఇంత చిన్న చోట కూడా ఇముడుతాయి.

నేను పుట్టింది బాలానగర్‌లో, రేకుల షెడ్డు కింద నడిచే ఒక ఫౌండ్రీలో. మొదట పంపింది మిర్యాలగూడ అవతల కాలువ మీద కడుతున్న వంతెన దగ్గరికి. అక్కడే పోశెట్టి చేతికి వచ్చాను. నిర్మల్ దగ్గర ఊరు అతనిది. ఇసుక జల్లెడ పట్టే పనికి వచ్చినవాడు, ల్యాబు మనిషి సెలవు పెట్టినప్పుడల్లా ఆ పని చూసి చూసి నేర్చుకున్నాడు. కాంక్రీటును రెండు వేళ్ల మధ్య నలిపి, నీళ్లు ఎక్కువయ్యాయో సిమెంటు తక్కువయిందో చెప్పేవాడు. మిషను చెప్పేది కూడా దాదాపు అదే అయ్యేది. చక్రధర్ అప్పుడు ఆ వంతెన మీద కొత్త ఇంజనీరు. ఆయన అది గమనించి, పదో తరగతి కూడా దాటని పోశెట్టిని ల్యాబు టెక్నీషియనుగా పెట్టించాడు. పైవాళ్లు సర్టిఫికెట్ అడిగితే, "అతని వేళ్లే సర్టిఫికెట్, బాధ్యత నాది" అన్నాడు. పోశెట్టి ఆ మాట జీవితంలో మరచిపోలేదు. తరవాత జరిగినదానికి మూలం ఆ మరచిపోకపోవడమే.

పోశెట్టి నన్ను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. పని అవగానే లోపలంతా గుడ్డతో తుడిచి, నూనె రాసి, బోల్టులు బిగించి బోర్లించేవాడు. ఏళ్లు గడిచాక చక్రధర్ హైదరాబాదులో ప్రాజెక్టు మేనేజరయ్యాడు. పోశెట్టిని పిలిపించుకున్నాడు. పోశెట్టితో పాటు మేమూ వచ్చాం.

కోకాపేట దాటాక, రాళ్లు పేల్చి చదును చేసిన నేలలో ముప్పై ఎనిమిది అంతస్తుల మేడ లేస్తోంది. కింద దుకాణాలు, సినిమా హాళ్లు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్లు. గేటు పక్కన పెద్ద బోర్డు మీద ముప్పయ్యో అంతస్తు బాల్కనీలో ఒక కుటుంబం కాఫీ తాగుతూ నవ్వుతుండేది. అప్పటికి పిల్లర్లు పదకొండో అంతస్తు దాటలేదు. వాళ్లు మాత్రం రెండేళ్లుగా అక్కడే కూర్చుని నవ్వుతున్నారు.

మా ల్యాబుకు రోజూ వచ్చే మనిషి సాయమ్మ. మక్తల్ వైపు నుంచి వచ్చింది, నలభై దాటి ఉంటాయి. కొత్తగా పోసిన పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి, రోజుకు మూడుసార్లు నీళ్లు కొట్టే ముఠాకు పెద్ద. కాంక్రీటు గట్టిపడేది ఆ తడిలోనే. దిగివచ్చేటప్పుడు మా తొట్టి కూడా నింపి వెళ్లేది. పోశెట్టిని అన్నా అనేది, అతను చెల్లె అనేవాడు. మధ్యాహ్నం ఆమె సజ్జరొట్టె, ఇతని అన్నం సగం సగం చేసుకునేవాళ్లు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పద్నాలుగో అంతస్తులో ఆరు పిల్లర్లు పోయాలి. కాంక్రీటు లారీ దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఎండకు లోపలి సరుకు బిగుసుకుపోతోంది. పంపు పైపు మూసుకుపోతుందని ఎవరో ఒక నీళ్ల గొట్టం తెచ్చి లారీ డ్రమ్ములో పెట్టారు. ఎంతసేపు పెట్టారో ఎవరూ చూడలేదు. పోశెట్టి పరుగున వచ్చేసరికి కాంక్రీటు పైకి వెళ్లిపోతోంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇనుప గమేళాలో కాస్త తెచ్చి మాలో నింపాడు. ఇనుప కడ్డీతో కూరుతుంటే నాకు తెలిసిపోయింది. కడ్డీ దిగుతున్నది కాంక్రీటులోకి కాదు, జావలోకి.

ఆ క్యూబు ఇరవై ఎనిమిది రోజులకు తొంభై టన్నుల బరువు మోయాలి. ఏడో రోజుకే అరవై దాకా రావాలి. ముప్పై ఏడుకే పగిలింది. పోశెట్టి ఇంకొకటి పెట్టాడు. అది ముప్పై ఆరు.

అతను చక్రధర్‌ను ల్యాబుకు పిలిచి పగిలిన ముక్కలు చూపించాడు. చక్రధర్ వంగి ఒక ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చెడ్డమనిషి అని నేను చెప్పను. రాత్రింబవళ్లు ఆ మేడ కోసం తిరిగి తిరిగి కళ్ల కింద నల్లబడ్డ మనిషి.

"వాటి మీద స్లాబు కూడా పోసేశాం పోశెట్టీ. పదిహేనో అంతస్తు పిల్లర్లు రేపు పోస్తున్నాం," అన్నాడు.

"అయితే గిది పగలగొట్టాలె సార్."

"పగలగొడితే నాలుగు నెలలు ఆగిపోతుంది. దసరాకు కింద షాపులు తెరవాలి. ఈ ఉద్యోగంలో నేనుండను, నువ్వూ ఉండవు." చేతిలోని ముక్క కింద పెట్టి, "డిజైనులో ఎప్పుడూ కొంత ఎక్కువే వేసుకుంటారు, ఏమీ కాదు. నువ్వు ఇంకో సెట్టు పొయ్యి. పాత తేదీ వెయ్యి," అన్నాడు.

పోశెట్టి తల దించుకున్నాడు. చక్రధర్ బతిమాలలేదు, బెదిరించలేదు. భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. బెదిరించి ఉంటే పోశెట్టి కాదనేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం అతను ల్యాబులోనే ఒక చిన్న ముద్ద కలిపాడు. సిమెంటు రెండింతలు వేశాడు. అంత మంచి కాంక్రీటు నాలో అంతకు ముందెప్పుడూ పడలేదు. ఎప్పటిలాగే శ్రద్ధగా కూరాడు, అంచులు చదును చేశాడు, మర్నాడు మెల్లగా బోల్టులు విప్పాడు. దాని మీద వారం కిందటి తేదీ రాసేటప్పుడు మాత్రం అతని చెయ్యి రెండుసార్లు ఆగింది. నిజానికి అచ్చు ఇచ్చినంత చక్కగా అబద్ధానికీ అచ్చు ఇచ్చాను. మూలలు ఎక్కడా చెదరలేదు.

ఇరవై ఎనిమిదో రోజున డిజైను చేసిన సంస్థ తరఫున ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తొంభై ఆరు టన్నులకు పగిలింది. అతను సంతకం పెట్టి టీ తాగి వెళ్లాడు.

కానీ ఆ పిల్లర్లకు నీళ్లు కొట్టే సాయమ్మకు కాగితాలతో పనిలేదు. ఒకరోజు రొట్టె విరుస్తూ అడిగింది.

"అన్నా, పద్నాలుగుల గా పిల్లర్లేంది గట్లున్నయి? చేత్తోని రాస్తే పిండి రాలుతున్నది. ఎన్ని నీళ్లు కొట్టినా మింగుతనే ఉన్నయి."

"ఎండలు గట్లున్నయి చెల్లె," అన్నాడు పోశెట్టి. ఆ రోజు అతను రొట్టె తినలేదు.

జులైలో వసంతలక్ష్మి మేడమ్ తనిఖీకి వచ్చింది. ఆ మేడకు లెక్కలు కట్టిన పెద్ద ఇంజనీరు ఆమె. పద్నాలుగో అంతస్తులో నడుస్తూ కాంక్రీటు బలాన్ని అంకెలో చూపించే చిన్న పరీక్ష సుత్తితో ఒక పిల్లరును కొట్టింది. అంకె తక్కువ చూపించింది. ఆరు పిల్లర్లూ కొట్టింది. అన్నీ తక్కువే. వెంటనే అందరినీ కింద ల్యాబులో కూర్చోబెట్టింది. నేను ఆ బల్ల మీదే ఉన్నాను.

చక్రధర్ క్యూబుల రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు. "కాంక్రీటు బాగుంది మేడమ్, తొంభై ఆరు వచ్చింది. మీవాళ్లే సంతకం పెట్టారు. నీళ్లు కొట్టేవాళ్లు సరిగ్గా కొట్టి ఉండరు. పైపైన పొర చెడింది."

సాయమ్మను పిలిపించారు. ఆమె తడి చీరతోనే గుమ్మంలో నిలబడింది. వెనక ఆమె ముఠా ఆడవాళ్లు, మేస్త్రీలు, పాతిక మంది దాకా గుమిగూడారు.

"పొద్దుగాల, పగటీలి, పొద్దూకి. మూడు పూటలా కొట్టిన సార్. నాకు జరమొచ్చిన దినం గూడ ఎక్కి కొట్టిన," అంది.

"మరి క్యూబు బాగుండి పిల్లరు ఎట్లా చెడింది?" అన్నాడు చక్రధర్.

ఆమె పోశెట్టి వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. ఆ దినం పోసిన మాలు మంచిగనే ఉన్నదా?"

వసంతలక్ష్మి కూడా అతనివైపే చూసింది.

"క్యూబులు మంచిగనే ఉన్నయి మేడమ్," అన్నాడు పోశెట్టి.

ఆ గదిలో నిజం తెలియనివాళ్లంతా నమ్మారు, ఒక్క సాయమ్మ తప్ప. ఆమె అతని మొహం చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. ఆ సాయంత్రమే కూలీల కాంట్రాక్టరు ఆమె ముఠాను పంపించేశాడు. పని చెయ్యకుండా మేడను చెడగొట్టిందన్న పేరు ఆమె కంటే ముందే పక్క సైట్లకు చేరింది. రెండు మూడు చోట్ల ఆమెను గేటులోంచే వెనక్కి పంపారని తరవాత విన్నాం.

నాకు నోరు లేదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆమెను దోషిని చేసిన సాక్ష్యం నా కడుపులోంచే వచ్చింది.

రెండు వారాలు గోనెపట్టాలు చుట్టి తడిపి మళ్లీ చూద్దామంది వసంతలక్ష్మి. ఆ పని పోశెట్టికే అప్పగించారు. అతను రోజూ పద్నాలుగు అంతస్తులు ఎక్కి ఆ ఆరు పిల్లర్లకు తన చేతులతో నీళ్లు కొట్టాడు. ఎన్ని నీళ్లు కొట్టినా లాభం లేదని అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. పైన పిల్లర్లు పందొమ్మిదికి, ఇరవైకి లేస్తున్నాయి. పదమూడో అంతస్తులో గోడలు కట్టేవాళ్లు సద్దులు తెచ్చుకుని సరిగ్గా ఆ పిల్లర్ల కిందే కూర్చుని తింటున్నారు. అతను కింద ల్యాబుకు వచ్చి, వాడని డబ్బాలకు కూడా నూనె రాస్తూ కూర్చునేవాడు. నన్ను ఒకే రోజు మూడుసార్లు తుడిచాడు.

పదకొండో రోజు పొద్దున్నే నన్ను ఒక సిమెంటు సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వసంతలక్ష్మి ఆఫీసుకు వెళ్లాడు. ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు. నన్ను తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇదెందుకు తెచ్చారు?" అంది ఆమె.

"దీంట్లనే పోసిన మేడమ్. రెండుసార్లు పోసిన."

ఆమెకు క్షణంలో అర్థమైంది. అయినా అంతా చెప్పేదాకా అడ్డురాలేదు. చక్రధర్ పేరు చెప్పాక నన్ను బల్ల మీద సరిగ్గా జరిపి పెట్టాడు. "ఆయన నన్ను మనిషిని చేసిండు మేడమ్," అన్నాడు. ఆమె ఫోను తీసి ఆ అంతస్తు మీద పని ఆపించింది, కింది అంతస్తు ఖాళీ చేయించింది. తరవాత అతనివైపు చూసి అంది.

"పిల్లర్ల సంగతి నేను చూస్తాను. ఆ సాయమ్మ సంగతి నేను చూడలేను. మీరే చూడాలి."

సాయమ్మ తెల్లాపూర్ దగ్గర ఒక లేఔటులో మట్టి మోస్తోంది. పోశెట్టి సంచితో అక్కడికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఆమె తట్ట దించలేదు. అతను అంతా చెప్పాడు. ఆమె విన్నది.

"గది నాకు అప్పుడే తెలుసు," అంది. "నీ మొకం జూస్తేనే తెలిసింది."

"తప్పయింది చెల్లె."

"అంతమంది ముంగట అన్నవు అన్నా. ఇప్పుడు ఒక్కదాని తాన చెప్తున్నవు."

తట్టతో వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే, పని మొదలయ్యే ముందు ఆ సైట్లో అందరినీ ఒకచోట నిలబెట్టి జాగ్రత్తలు చెబుతారు. ఆ రోజు మూడువందల మంది ఉన్నారు. చక్రధర్‌ను అప్పటికే తప్పించారు. పోశెట్టిని కూడా పనిలోంచి తీసేశారు, సామాన్లు అప్పగించడానికి వచ్చాడు. సంచి చేతిలో పట్టుకునే ముందుకు నడిచి, మైకు అడిగి తీసుకున్నాడు. మాటలు వెతుక్కోలేదు. లారీలో నీళ్లు పడ్డాయని, క్యూబులు తానే మార్చానని, సాయమ్మ మూడు పూటలా నీళ్లు కొట్టిందని, తాను అబద్ధమాడానని చెప్పాడు. కొందరు తిట్టారు. పదమూడో అంతస్తులో అన్నం తిన్న మేస్త్రీ ఒకడు కాండ్రించి ఉమ్మేశాడు. పోశెట్టి పక్కకు జరగలేదు.

గేటు అవతల, తారురోడ్డు అంచున సాయమ్మ నిలబడి వింది. ఎవరు చెప్పారో, ఎలా వచ్చిందో తెలియదు. అతను బయటికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"గా పిల్లర్లు మళ్ల పోస్తరా?"

"చుట్టూ ఇనుము కట్టి, లావుగ పోస్తరంట."

"నీళ్లెవరు కొడ్తరు?"

"ఇంక ఎవర్ని పెట్టలే. నువ్వొస్తనంటే మేడమ్‌తోని..."

"నేను రాను," అంది ఆమె. "మంచిగ కొట్టుమను." అంతే. తెల్లాపూర్ వైపు వెళ్లే ఆటో ఎక్కేసింది.

పోశెట్టి నన్ను స్టోరులో అప్పగించి వెళ్లాడు. తరవాత ఏమయ్యాడో నాకు తెలియదు. నిర్మల్ వెళ్లాడని ఒకరు, ఎక్కడో ఇసుక జల్లెడ పడుతున్నాడని ఒకరు అన్నారు. కొత్త టెక్నీషియను ఒకరోజు నన్ను స్లాబు మీద పడేశాడు. ఒక మూల వంగింది. వంగిన డబ్బా పనికిరాదని పాత ఇనుము కుప్పలో వేశారు.

మేడ పూర్తయింది. బాల్కనీలలో నిజం మనుషులు వచ్చి కాఫీ తాగుతున్నారు. పద్నాలుగో అంతస్తు ఆఫీసు వాళ్లు ఆ ఆరు పిల్లర్లు మరీ లావుగా ఉన్నాయని, కుర్చీలకు చోటు చాలడం లేదని ఫిర్యాదు చేశారట. స్టోరువాళ్లు నవ్వుకుంటూ చెప్పుకుంటుంటే విన్నాను.

ఇక్కడ పడి ఉన్న నాలో వానకు నీళ్లు నిండుతాయి, ఎండకు ఆరుతాయి. నేను మోసిన క్యూబులు వందల్లో ఉంటాయి, వాటిలో నిజం చెప్పనిది ఒక్కటే. సాయమ్మ గుమ్మంలో తడి చీరతో నిలబడి, అన్నా నువ్వు చెప్పు అని అడిగిన ఆ మధ్యాహ్నం, ఆ గదిలో జవాబు తెలిసినవాళ్లం ముగ్గురం ఉన్నాం, చక్రధర్, పోశెట్టి, నేను.

ముగ్గురం నిజం దాచుకున్నాం.